ఎడమచేతి కుట్టు

పోయినవారం మనం ఎక్కడ ఆగామంటే, గుండుసూది గౌను నా ఒళ్లో తిరగేసి ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్లు కంగారుపడకండి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నేను దర్జీని. ఇరవై రెండేళ్లుగా మెడలో టేపు వేసుకునే తిరుగుతున్నాను కాబట్టి మా వీధిలో నన్ను టేపమ్మ అంటారు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. పిల్లలు లేరు. ఈ పరాయి దేశంలోని ఆశ్రమం నుంచి ఒక పిల్లను పెంచుకోవడానికి మూడేళ్లుగా కాగితాల చుట్టూ తిరుగుతుంటే, చివరికి ఒక నాలుగేళ్ల పాప కుదిరింది. దత్తత పూర్తయ్యేలోపు ఇద్దరిలో ఒకరు ఎనిమిది వారాలు ఇక్కడే ఉండి, రోజూ రెండు గంటలు పాపతో గడపాలట. ఆ తర్వాతే కోర్టు సంతకం పెడుతుందట. ఆయనకు సెలవు దొరకలేదు, నేను కొట్టుకు తాళం వేసి వచ్చాను. పాపది సన్నటి ఒళ్లు, గుండ్రటి తల, నూగులాంటి జుట్టు. చూసిన మొదటిరోజే నా నోటికి గుండుసూది అని వచ్చేసింది, అదే ఉండిపోయింది.

కాగితాల్లో ఏముందంటే, రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆశ్రమం గేటు దగ్గర దొరికింది, ఒంటిమీద పసుప్పచ్చ గౌను, వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ ‘ఎవరూ లేరు’ అన్న మాట మీదే మా దత్తత అంతా నిలబడి ఉంది.

ఇక గౌను సంగతి. ఆశ్రమంలో బట్టలు ఎవరివీ కావు. ఉతికి, ఇస్త్రీ చేసి, సైజుల వారీగా అరల్లో పెడతారు, పొద్దున్నే ఏది చేతికొస్తే అది తొడుగుతారు. ఆ పసుప్పచ్చ గౌను మాత్రం ఎప్పుడూ గుండుసూదికే వస్తుంది. ఎదిగే పిల్లల గౌను అంచుకు లోపలివైపు నాలుగైదు మడతలు వేసి కుడతాం. పిల్ల పొడుగైనకొద్దీ ఒక్కొక్కటి విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. నేను వచ్చిన రోజున ఆ గౌనుకు రెండు మడతలు ఉన్నాయి. మొన్న చూస్తే ఒకటే ఉంది. సరే, ఎవరో పుణ్యాత్మురాలు విప్పింది అనుకుని అంచు తిరగేశాను. పాత మడతలు విప్పిన చారలు, వాటి పక్కన కొత్త కుట్లు. మెడ దగ్గర మొట్టమొదట కుట్టిన కుట్టు కూడా చూశాను. అన్నీ ఒక్క చేతివే. అన్నీ ఎడమచేతివే. మనం కుడిచేత్తో హెమ్మింగ్ చేస్తే కుట్టు ఒకవైపు వాలుతుంది, ఎడమచేతివాళ్లు చేస్తే రెండోవైపు వాలుతుంది. పైగా ప్రతి వరస చివరా ముడి వెయ్యకుండా మూడు చిన్నకుట్లు ఒకదాని మీద ఒకటి వేసి ఆపారు.

అర్థమైందా? పాప దొరకకముందు ఆ గౌను కుట్టిన మనిషే, ఇప్పటికీ ఈ గోడల మధ్యకు వచ్చి దాని మడతలు విప్పుతోంది. ఎవరూ లేని పిల్లకు ఎవరో ఉన్నారు.

కోర్టుకు ఇంకా ఒక్క రోజుంది. ఆయన ఆ ఉదయమే విమానం దిగారు. అద్దెగదిలో బూట్లు కూడా విప్పకముందే విషయం చెప్పబోతే నవ్వేశారు.

“టేపమ్మా, నీకు మనుషుల్ని కూడా తిరగేసి కుట్లు చూడందే తోచదు. ఆశ్రమంలో పదిమంది ఆయాలున్నారు, ఎవరో కుట్టి ఉంటారు. రేపటి దాకా నోరు మూసుకుని ఉండవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను.”

ఆయన అలా పడుకోగానే నేను ఆశ్రమానికి బయల్దేరాను. గేటు దగ్గర ఎప్పటిలాగే దుబాసీ అక్క నా కోసం నిలబడి ఉంది. ఈవిడ గురించి చెప్పాలి. నాకంటే పదమూడేళ్లు పెద్దది. మన దేశంలో ఒక ఇంట్లో పదకొండేళ్లు పిల్లల్ని చూసుకుందట, మన మాట అక్కడే పట్టుబడిందట. ఆశ్రమంవాళ్లు ఈవిడ్ని నాకు తోడిచ్చారు. ఈ దేశంలో నేను కూరగాయలు కొన్నా, కాగితం మీద సంతకం పెట్టినా, గుండుసూదికి కథ చెప్పినా, అన్నీ ఈవిడ నోటి మీదుగానే. నేను ‘అక్కా’ అంటాను, ఆవిడ నన్ను ‘అమ్మా’ అంటుంది.

“బట్టల గదికి పోదాం అక్కా. అక్కడి ఆయాతో పనుంది.”

“ఇప్పుడా? పాప మీకోసం చూస్తోందమ్మా.”

“చూడనీ. పది నిమిషాలు.”

బట్టల గది కిందిభాగంలో ఉంది. నాలుగు గోడలకూ చెక్క అరలు, నడుమ పొడుగాటి ఇస్త్రీ బల్ల, ఒక మూల బొత్తాల డబ్బా, కిటికీ మీద ఆవిరి. ఆయా దుప్పట్లు మడతపెడుతోంది. బండమనిషి, మంచి మనిషి. నన్ను చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది.

నేను అరలోంచి ఆ గౌను వెతికి తీసి బల్ల మీద పరిచాను. “ఇది ఎవరు కుట్టారో అడగండి.”

దుబాసీ అక్క అడిగింది. ఆయా గౌను వంక చూసింది, తర్వాత దుబాసీ వంక చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. తర్వాత మొదలుపెట్టింది. చేతులు తిప్పింది, కిటికీ చూపించింది, వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టింది, తల అడ్డంగా ఊపింది. మా కొట్లో ఆడవాళ్లు కొలతలిస్తూ అత్తగార్ల గురించి చెప్పేంత సేపు చెప్పింది.

“తనే కుట్టానంటోంది,” అంది దుబాసీ అక్క.

“అంతేనా? ఇంతసేపు మాట్లాడింది?”

“మిగతాదంతా సోది అమ్మా. మోకాళ్ల నొప్పులట.”

“మోకాళ్లు కిటికీలో ఉన్నాయా?”

ఆవిడ నవ్వలేదు. మామూలుగా నా ఎకసెక్కాలకు ముసిముసిగా నవ్వే మనిషి. నాకు ఒళ్లు మండింది. ఎనిమిది వారాల్లో మొదటిసారి, ఈవిడ నాకు ఎన్ని మాటలు మింగేసి ఎన్ని మాటలు ఇచ్చిందో అన్న అనుమానం పుట్టింది. పుట్టిందంటే ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు.

సంచిలోంచి సూదీ, పసుపు దారమూ, ఒక గుడ్డముక్కా తీసి ఆయా ముందు పెట్టాను. “జానెడు హెమ్మింగ్ చేసి చూపించమనండి.”

“ఎందుకమ్మా ఇవన్నీ? రేపు కోర్టు పెట్టుకుని...”

“మీరు చెప్పండి ముందు.”

చెప్పింది. ఆయా పెద్దగా నవ్వి, ఇదేదో ఆట అనుకుని కూర్చుంది. సూదిని చేయి చాపినంత దూరం పెట్టి నాలుగుసార్లు గురి చూసి దారం ఎక్కించింది. కుడిచేత్తో. కుట్టడం మొదలెట్టింది. బస్తా మూతి కుట్టినట్టు ఒక్కో కుట్టూ వేలెడంత. నాలుగో కుట్టుకు దారం చిక్కుపడింది. లాగింది. ఇంకా బిగిసింది. పళ్లతో కొరకబోయింది.

నేను చూస్తున్నాను. ఆయాను కాదు, ఆవిడ్ని. దుబాసీ అక్క వేళ్లు కోటు అంచును నలుపుతున్నాయి. పనితెలిసినవాళ్లకు పనిరానివాళ్లు చేస్తుంటే చూడ్డం ఎంత నరకమో నాకు తెలుసు. మా కొట్లో కొత్తగా చేరిన పిల్ల కత్తెర వంకరగా పట్టుకుంటే నా చెయ్యి దానంతటదే పోతుంది. చిక్కు ఇంకోసారి బిగిసింది. గుడ్డ చిరిగేలా ఉంది. అంతే, ఆవిడ చటుక్కున గుడ్డ లాక్కుంది. సూదిమొనతో చిక్కు మధ్యలో పొడిచి, ఒక్క మెలిక తిప్పి విడదీసింది. ఆ ఊపులో రెండు కుట్లు కుట్టింది కూడా. సన్నగా, నువ్వుగింజల్లా.

ఎడమచేత్తో.

ఎనిమిది వారాలు ఆవిడ కుడిచేత్తో సంతకాలు పెట్టడం, కుడిచేత్తో చెంచా పట్టుకోవడం చూశాను. బళ్లో కొట్టి నేర్పినట్టున్నారు. సూది పట్టుకోవడం మాత్రం ఎవరూ మార్చలేదు.

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. సూది ఇంకా చేతిలోనే ఉంది. మొహంలో నెత్తురు లేదు.

“ఆయాను బయటకు పొమ్మనండి,” అన్నాను. ఆయా వెళ్లింది. నేను తలుపు గడియ పెట్టి దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

“ఎవరు మీరు?”

ఆవిడ సూదిని గుడ్డముక్కకు గుచ్చి బల్ల మీద పెట్టింది.

“అక్కా, నేను మంచిదాన్ని కాదు. నాకు కోపమొస్తే నా నోరు నా మాట వినదు. ఇప్పుడే పైకెళ్లి వార్డెన్ బల్ల మీద ఈ గౌను విసిరేస్తాను. భాష రాకపోతే బొమ్మలు గీసి చెప్తాను. ఎవరు మీరు?”

“అమ్మమ్మని,” అంది.

తెలుసుకోవాలనే వచ్చాను, తెలిశాక మాత్రం తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఆవిడ మీద జాలి కలగలేదు. నా పిల్లను ఎవరో లాక్కుపోతున్నట్టు భయమేసింది.

ఆవిడ ఇస్త్రీ బల్ల అంచు మీద కూర్చుంది. కళ్లు నేలమీద పెట్టి చెప్పింది. ఒక్కతే కూతురు. అల్లుడు చెయ్యి చేసుకునేవాడు. ఒకరోజు కూతురు మెట్ల మీంచి పడిపోయిందని కబురొచ్చింది. పడలేదు, వాడే తోశాడు. వాడికి జైలు పడింది, కానీ కొద్దికాలమే. పాప ఈవిడ దగ్గరకు వచ్చింది. అప్పటికి ఇంకో రెండేళ్లలో వాడు బయటికొస్తాడని తెలుసు. వచ్చి నా కూతురేదని అడిగితే చట్టం వాడికే ఇస్తుంది.

“నన్ను దెబ్బ కొట్టడానికైనా పట్టుకుపోతాడమ్మా. పిల్ల మీద ప్రేమతో కాదు. అందుకే గేటు దగ్గర వదిలాను. ఎవరూ లేని పిల్ల అయితే దేశం దాటించొచ్చు. అది వెళ్లేదాకా కళ్లముందు ఉంటుందని ఇక్కడే పనిలో చేరాను. పేరు మార్చుకున్నాను.”

“జైలు నుంచి ఎప్పుడొస్తాడు?”

“వచ్చేనెల.”

“ఆయా ఇందాక ఏం చెప్పింది?”

“తనకు తెలీదంది. నెలకోసారి నేను ఆ కిటికీ దగ్గర కూర్చుని కుడుతుంటానంది. నన్నే అడగమంది.” ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. “మార్చి చెప్పాను. తప్పే.”

మూడో వారం జరిగింది గుర్తొచ్చింది. గుండుసూది నా దగ్గరకు వచ్చేది కాదు. గోడవైపు తిరిగి కూర్చునేది. నా వల్ల కాదు, ఈ పిల్లకు నేను అక్కర్లేదు అని సామాను సర్దుకున్నాను. టిక్కెట్టు కూడా మార్చమన్నాను. ఆరోజు సాయంత్రం పాప ఏదో గొణిగితే ఈవిడ నా వైపు తిరిగి, ‘మిమ్మల్ని అమ్మా అని పిలవచ్చా అని అడుగుతోంది’ అంది. నేను బొళ్లున ఏడ్చేశాను. ఆ ఒక్క మాట మీదే ఉండిపోయాను. ఆ మాట ఎన్నిసార్లు ఫోన్లో ఆయనకు చెప్పానో, ఆయన ఎన్నిసార్లు మళ్లీ చెప్పమన్నారో.

“ఆ రోజు,” అన్నాను. “అమ్మా అని పిలవచ్చా అని... అది పాప అడిగిందా?”

ఆవిడ చేతులు దించి బల్ల మీది గౌను మడతపెట్టసాగింది.

“చెప్పండి!”

“లేదమ్మా. కాళ్లు చల్లగా ఉన్నాయి, మేజోళ్లు కావాలంది. మీరు వెళ్లిపోతున్నారు. వెళ్లిపోతే మళ్లీ ఇంకొకళ్లు రావడానికి ఏడాది. నాకు అంత టైము లేదు. నేనే కల్పించాను.”

కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి లేచింది. ఆవిడ తప్పుకోలేదు, కొట్టించుకోవడానికే కూర్చున్నట్టు ఉంది. నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది. దుప్పట్ల దొంతర మీద కూలబడి, సిగ్గూ లజ్జా లేకుండా ఏడ్చాను. నన్ను తల్లిని చేసిన మాట దొంగమాట. ఎనిమిది వారాలుగా నేను ముద్దు చేసింది గుండుసూదినా, ఈవిడ కల్పించిన పిల్లనా?

“ఇంకా ఎన్ని కల్పించారు?”

“అదొక్కటే. ఒట్టు.”

“మీ ఒట్టు నాకెందుకు? కూతురు పోయిందన్నారు. అది మీ నోటిమాటే. అల్లుడు కొట్టేవాడన్నారు. అదీ మీ నోటిమాటే. మీ కూతురు బతికే ఉండి, ఎక్కడో పిల్ల కోసం వెతుక్కుంటూ ఉంటే? ఆ అల్లుడు పాపం మంచివాడే అయి ఉంటే? ఈ దేశంలో నాకు తెలిసిందంతా మీరు చెప్పిందే. నేనెవర్ని అడగను? ఎవర్ని అడిగినా మళ్లీ మీ నోటితోనే కదా అడగాలి!”

ఆవిడ పర్సులోంచి ఒక ఫొటో తీసింది. ఒక పాతికేళ్ల పిల్ల, గుండ్రటి తల, అచ్చు గుండుసూది నవ్వే. నేను తిరిగి ఇచ్చేశాను. ఉందో పోయిందో ఫొటో చెప్పదు కదా.

“రేపు జడ్జిగారు మిమ్మల్ని ఒకటి అడుగుతారు,” అంది ఆవిడ. “పెంచుకునేవాళ్లందరినీ అడుగుతారు, ప్రమాణం చేయించి మరీ. పాపకు రక్తసంబంధం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నట్టు మీకు తెలుసా అని. లేదంటే సంతకం పెట్టేస్తారు. ఎల్లుండికి మీరు విమానంలో ఉంటారు. ఉన్నారంటే ఫైలు ఆగిపోతుంది. నన్ను పట్టుకుంటారు, పట్టుకోనీ. కానీ వాడికి నోటీసు వెళ్తుంది.”

“అంటే నన్ను అబద్ధం చెప్పమంటున్నారు.”

“నేనేమీ చెప్పమనడం లేదు. ఇకనుంచి ఒక్క మాట మార్చను. మీరు ఉన్నారంటే ఉన్నారని చెప్తాను. లేరంటే లేరని చెప్తాను. అది మీ నోరు, మీ ఇష్టం.”

ఆ రోజు నేను పాప దగ్గరకు వెళ్లినప్పుడు ఆవిడ్ని బయటే ఉంచాను. మాటలు లేకుండా రెండు గంటలు కూర్చున్నాం. గుండుసూది నా టేపు మెడలో వేసుకుని మంచం కోళ్లు కొలిచింది. కొలిచి కొలిచి అలిసిపోయి, నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయింది. ఆ నిద్రను ఎవరూ నాకు తర్జుమా చేసి చెప్పక్కర్లేదు. ఈ పిల్ల నాకు కావాలి. ఎవరిదైనా సరే, ఎలాగైనా సరే, నాకు కావాలి.

అమ్మమ్మ సంగతి ఆయనకు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్తే ఆయన మొహంలో తెలిసిపోతుంది. అబద్ధం ఆడాల్సి వస్తే ఆయన చెవులు ఎర్రబడతాయి.

కోర్టంటే పెద్ద హాలనుకున్నాను. చిన్న గది. ఒక పొడుగు బల్ల, అవతల జడ్జిగారు, పక్కన వార్డెన్, ఇవతల మేమిద్దరం, బల్ల చివర దుబాసీ అక్క. మా ఫైలు జడ్జిగారి ముందు తెరిచి ఉంది. ప్రమాణం చేయించారు. పేర్లు, ఉద్యోగాలు, ఇల్లు, ఆరోగ్యం. ఆవిడ తడబడకుండా అటూ ఇటూ చెప్తోంది. ఆయన కొత్త చొక్కాలో చేతులు కట్టుకుని, పరీక్ష పాసైన కుర్రాడిలా కూర్చున్నారు.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని ఇంకోటి అడిగారు. దుబాసీ అక్క నా వైపు తిరిగింది.

“పాపకు రక్తసంబంధం ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నట్టు మీకు తెలుసా, అంటున్నారు.”

లేరని చెప్పడానికే వచ్చాను. నాలుక చివర పెట్టుకుని మరీ వచ్చాను. కానీ నోరు తెరిచేసరికి ఇంకో సంగతి తోచింది. గుండుసూది పెద్దదవుతుంది. ఏదో ఒకరోజు, నాకు ఎవరైనా ఉన్నారా అమ్మా అని అడుగుతుంది. అప్పుడు కూడా లేరనే అనాలి. ఆ తర్వాత రోజూ ఆ అబద్ధాన్ని ఇస్త్రీ చేసుకుంటూ బతకాలి. ఒక దొంగమాటతో నన్ను అమ్మను చేసినందుకే నిన్న చెయ్యెత్తాను. ఇవాళ నేను చేస్తున్నదేమిటి? అల్లుడి సంగతి నిజమైతే జడ్జికి చెప్పుకుందాం, కాళ్లమీద పడదాం, పోట్లాడదాం. నాకు పోట్లాడ్డం బాగా వచ్చు.

“ఉన్నారు,” అన్నాను. “అమ్మమ్మ ఉంది.”

ఆయన ఉలిక్కిపడి నా మోచెయ్యి పట్టుకున్నారు. “ఏమిటే? ఏమంటున్నావ్?”

జడ్జిగారు దుబాసీ వైపు చూశారు. ఆవిడ నన్నే చూస్తోంది. జడ్జిగారు మళ్లీ ఏదో అన్నారు, తొందరపెడుతున్నట్టు. అప్పుడు ఆవిడ అటు తిరిగి ఒకే ఒక్క మాట అంది.

ఆ భాషలో నాకు పట్టుమని పది మాటలు రావు. ఆ మాట మాత్రం వచ్చు. పాలగ్లాసు తోసేస్తూ, స్నానానికి రానని మంచం కింద దూరుతూ గుండుసూది రోజుకు నలభైసార్లు అనే మాట అది. కాదు, వద్దు, లేరు, అన్నిటికీ వాళ్లకు అదొక్కటే.

జడ్జిగారు తలూపి కలం మూత తీశారు.

నేను లేచి నిలబడ్డాను. కుర్చీ వెనక్కి పడి చప్పుడైంది. వార్డెన్ బిత్తరపోయి చూసింది. కలం కాగితం మీద ఆగింది. జడ్జిగారు కళ్లజోడు పైనుంచి నన్ను చూసి ఏదో అడిగారు.

దుబాసీ అక్క నెమ్మదిగా నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లున్నాయి, గొంతులో మాత్రం వణుకు లేదు.

“ఎందుకు లేచారని అడుగుతున్నారమ్మా,” అంది. “ఏమని చెప్పను?”